పాలకాయతిప్పలో మా జీపు

సముద్రం ఎట్లా ఉంటుందని అడిగినవాళ్ళందరికీ నేను మొదట దోమల సంగతే చెబుతాను. అలల గురించో ఓడల గురించో చెబుతానని ఆశపడి కూర్చున్నవాళ్ళు కాస్త చిన్నబుచ్చుకుంటారు. కానీ ఎండాకాలంలో ఆ ఒడ్డున గుడారం వేసుకుని పడుకోదలచినవాళ్ళకు ముందు తెలియవలసింది అదే. మా నల్గొండ ఎండ పొడి ఎండ. చెమట ఇట్లా పట్టి అట్లా ఆరిపోతుంది. పొద్దుగుంకినాక వాకిట్లో మంచం వేసుకుంటే చల్లబడిన బండల మీదినుంచి గాలి వస్తుంది. అక్కడ గాలి కూడా తడిసిన గుడ్డలా మీద పడుతుంది. ఆ తడిలో పుట్టే పురుగులన్నీ మనిషి కోసమే ఎదురుచూస్తున్నట్టుంటాయి. అయినా పొమ్మనే చెబుతాను. మేము పోయి వచ్చాము కాబట్టి చెబుతాను.

చిట్యాలలో బెజవాడ రోడ్డు పక్కన మా ఆయన వీరేశానికి మోటార్లు బాగుచేసే షెడ్డు ఉంది. యుద్ధం నాటి మిలిటరీ జీపు ఒకటి తుక్కు కింద వస్తే కొనుక్కొచ్చి, ఊడిన ప్రతి ముక్కా తానే చేసి అతికించి, ఏళ్ళు పట్టినా దాన్ని నడిపించాడు. స్టీరింగు ఎడమ పక్కన ఉంటుంది. ఇంజను మొదటిసారి ఆగకుండా తిరిగిన రోజున, దీన్ని సముద్రం దాకా తోలుకుపోతానని నలుగురిలో అన్నాడు. మా ఇంట్లో ఎవరూ సముద్రం చూడలేదు. మా అత్తమ్మ, అంటే ఆయన తల్లి, ఆ మాట వినగానే తన గొంగడి దులిపి మడత పెట్టింది.

నా డ్రైవింగు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. షెడ్డులో మనిషి దొరకనప్పుడు ఆయన బండి కింద పడుకుంటే నేను సీట్లో కూర్చుని క్లచ్చి తొక్కేదాన్ని, గేరు వేసేదాన్ని. అట్లా అట్లా ఎండిపోయిన చెరువు శిఖంలో ఈ జీపును కొన్నిసార్లు తోలాను కూడా. రోడ్డు మీదికి మాత్రం ఎన్నడూ ఎక్కించలేదు.

కోదాడ దాటినాక

తెల్లవారకముందే బయలుదేరాము. నకిరేకల్ దాటేసరికి జీపు పొగలు కక్కింది. రోడ్డు పక్క తాటివనంలో ఒక గౌడు ముంజలు కొడుతున్నాడు. ఆయన తన కుండలో నీళ్ళే రేడియేటరులో పోసి, మాకు ముంజలు పెట్టాడు. డబ్బులియ్యబోతే, మా అత్తమ్మ తనను తమ్ముడా అని పిలిచిందని తీసుకోలేదు.

కోదాడ దాటినాక నేల రంగు మారుతుంది. రాళ్ళ గుట్టలు వెనకబడతాయి. నిజాం కాలంలో ఆ సరిహద్దున కరోడగిరి నాకా ఉండేదట. బస్తా బస్తా విప్పించి సుంకం వసూలు చేసేవాళ్ళట. మా మామ పల్లికాయ బండితో అక్కడ ఒక పూటంతా ఎండలో నిలబడ్డాడని చెబుతూ అత్తమ్మ ఆ జాగా ఎక్కడా అని వెతికింది. గుర్తు పట్టడానికి ఏమీ మిగల్లేదు. జీపు ఆగకుండా దాటిపోతే ఆమె మొఖంలో ఒక గర్వం కనిపించింది, మామ తరఫున తానే గెలిచినట్టు.

బెజవాడలో చాయ్

బెజవాడలో హోటలుకు పోయాము. అత్తమ్మ అక్కడి సర్వరును పిలిచి, "జర చాయ్ ఇయ్యి కొడుకా," అంది. అతను చాలా మర్యాదగా చాయ్ లేదన్నాడు. టీ మాత్రమే ఉందట. మా ఆయనకు నవ్వాగలేదు. హోటలు యజమాని పెద్దమనిషి, ధోవతి కట్టుకున్నాడు. అత్తమ్మ ఆయనను కూడా నువ్వు అనే పిలిచింది. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. మా దగ్గర దేవుణ్ణి కూడా నువ్వు అనే అంటామని ఆయనకెట్లా తెలుస్తుంది? కానీ అత్తమ్మ ఆగలేదు. నీకు తల్లి ఉందా, మోకాళ్ళ నొప్పులున్నాయా, వావిలాకు కాపడం పెట్టి చూశావా అని అడుగుతూ పోయింది. మేము అన్నం తిని లేచేసరికి యజమాని స్వయంగా గడ్డ పెరుగు తెచ్చి మా విస్తళ్ళలో వేశాడు.

అక్కడ ఇడ్లీ మా దగ్గరకంటే చవక, చట్నీ అడిగినంత. కూరలో కారం తక్కువ, పచ్చడిలో ఆ బాకీ తీర్చుకుంటారు. కొబ్బరిబోండాం మేము జ్వరమొచ్చినవాళ్ళకు కొంటాం. వాళ్ళు దప్పికైతే తాగుతారు.

కరకట్ట మీద

బెజవాడ నుంచి కృష్ణ కరకట్ట మీద కిందికి పోయాము. మా జిల్లాలో కృష్ణ బండల మధ్య లోతున పారుతుంది. దిగి తెచ్చుకుంటే తప్ప చుక్క దొరకదు. ఇక్కడ నది ఊళ్ళ నడుమ బారజాపుకుని పడుకుంది. కాలువలు కట్టేసిన రోజులైనా అరటితోటలు పచ్చగానే ఉన్నాయి. అత్తమ్మ ఒకచోట బండి ఆపించి, దిగి, గుప్పెడు నల్లమట్టి చేతిలోకి తీసుకుని నలిపి చూసింది. మళ్ళీ ఎక్కింది. చాలా దూరం దాకా ఆ మట్టి చేతిలోనే ఉంది.

అవనిగడ్డ దాటి, కోడూరు దాటి, హంసలదీవి పక్కగా పాలకాయతిప్ప అనే, చేపలు పట్టే పల్లెకారుల ఊరు చేరాము. ఊరికి ఇవతల ఒక పాయ అడ్డం వచ్చింది. అందులో చీలమండ లోతు నీళ్ళే ఉన్నాయి. జీపు ఆడుతూ పాడుతూ దాటింది. ఆ పాయలో నీళ్ళు రోజూ పెరిగి తరుగుతాయని మాకు తెలియదు. నిలిచిన నీళ్ళు తప్ప కదిలే నీళ్ళ సంగతి మెట్టప్రాంతం వాళ్ళకేం తెలుస్తుంది?

తిప్ప మీద

సముద్రాన్ని మొదట విన్నాము. సరుగుడు తోపు దాటాక కనిపించింది. అత్తమ్మ రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని చాలాసేపు చూసి, అవతలి ఒడ్డు ఏదని అడిగింది. మా ఆయన లేదన్నాడు. ఆమె నమ్మలేదు.

తోపు పక్కన గాలి తగలని పల్లంలో జీపు ఆపి, దానికి లారీల మీద కప్పే తాటిపత్రి కట్టి గుడారం చేసుకున్నాము. నీడ ఉందని మురిసిపోయాము. పొద్దువాలగానే తోపులోనుంచి దోమలు లేచాయి. వాటికి ముందే నుసుమలు వచ్చి కళ్ళలో, చెవుల్లో దూరాయి. పక్కన చేపలు ఎండబెట్టిన జాగా నుంచి ఈగలు అన్నం మీదికి వచ్చాయి. మంట వేద్దామంటే అగ్గిపుల్ల గీసుకోలేదు. పెట్టె చెమ్మకు మెత్తబడింది. ఇంటినుంచి తెచ్చిన జొన్నరొట్టెలు మా దగ్గర వారమైనా కట్టెల్లా ఉంటాయి. అక్కడ ఒక్క దినానికే బూజు పట్టాయి. గొంగడి కప్పుకుంటే ఉడికిపోతాం, తీస్తే దోమలు. ఆ రాత్రి ముగ్గురం గోక్కుంటూ కూర్చున్నాము. తెల్లారుతూనే ఇంటికి పోదామని నేనన్నాను. మా ఆయన ఒప్పుకోలేదు. గుడారాన్ని గాలి తగిలే దిబ్బ మీదికి మారుద్దామని, దానికి గుంజలు కొట్టుకొస్తానని, గొడ్డలి పట్టుకుని తోపులోకి పోయాడు.

కొమ్మ మీద కొట్టిన గొడ్డలి దెబ్బ కందిరీగల తుట్టెను కదిలించింది. ఆయన పరుగెత్తుకుంటూ వచ్చి ఇసుకలో పడ్డాడు. మొఖం మీద, మెడ మీద, చేతుల మీద ఎన్ని కుట్టాయో లెక్క లేదు. చూస్తుండగానే రెండు కళ్ళూ పూడుకుపోయాయి. పెదవులు ఉబ్బాయి. ఒంటినిండా దద్దుర్లు లేచాయి. కొద్దిసేపట్లో ఊపిరి తీస్తుంటే గొంతులో ఈల వేసినట్టు చప్పుడు మొదలైంది.

అత్తమ్మ అరుపు విని పల్లెలోని ఆడవాళ్ళు వచ్చారు. ముందు వచ్చిన మనిషి పేరు నాగేశ్వరమ్మ. నా ఈడుదే. వల బాగుచేస్తూ చేతిలో ఉన్న నూలుండతోనే పరుగెత్తుకొచ్చింది. ఆయన మొఖం చూసి, తన మరిదికి ఒకసారి ఇట్లాగే అయిందని, ఆకు పసర్లతో ఆలస్యం చేశామని, అతను దక్కలేదని చెప్పింది. అవనిగడ్డ ఆసుపత్రికి ఇప్పుడే పోవాలంది. మగవాళ్ళంతా వేటకు పోయారు. పడవలు లేవు. బండి తోలడం వచ్చినవాళ్ళు ఆ ఊళ్ళో ఎవరూ లేరు.

"పోటు మొదలైంది," అంది నాగేశ్వరమ్మ పాయ వైపు చూస్తూ. "ఇంకాసేపటికి పాయ నిండుద్ది. ఇప్పుడు దాటకపోతే మళ్ళీ సాయంత్రమే."

అత్తమ్మ నా మొఖం చూసింది. "సుగుణా, తోల్తవా?"

"శిఖంల తోలిన గని అత్తమ్మా, గిట్ల నీళ్ళల్ల ఎన్నడు తోల్లే."

"శిఖమైతేంది, సముద్రమైతేంది. కింద మన్నే గద బిడ్డా."

పాయలో

జీపును స్టార్టు చెయ్యాలంటే ముందు హ్యాండిలు తిప్పాలి, ఆ బలం మాకెవరికీ లేదు. ఆయనను వెనక పడుకోబెట్టి, అత్తమ్మ ఒడిలో తల పెట్టించి, నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. రెండో గేరులో వేసి క్లచ్చి తొక్కిపట్టి, నెట్టమన్నాను. పల్లె ఆడవాళ్ళు చీరలు ఎగ్గట్టి, పడవను నీళ్ళలోకి తోసేటప్పుడు పాడే పాట ఎత్తుకుని జీపును నెట్టారు. క్లచ్చి వదిలాను. ఒకసారి దగ్గి ఆగింది. మళ్ళీ నెట్టారు. ఈసారి ఇంజను అందుకుంది. ఆ చప్పుడు విని ఆయన వెనకనుంచి ఏదో అన్నాడు. అత్తమ్మ వంగి విని నాకు చెప్పబోయింది, కానీ ఆయనే తల ఎత్తాడు.

"నీళ్ళల్ల కాలు తియ్యకు," అన్నాడు చీల్చినట్టున్న గొంతుతో. "గేరు మార్చకు."

ఆ తర్వాత ఆయనకు మాట రాలేదు.

పాయ దగ్గరికి వచ్చేసరికి నిన్నటి చీలమండ లోతు నీళ్ళు కనిపించలేదు. బూడిదరంగు నీళ్ళు సముద్రం వైపునుంచి నురగతో ఎక్కి వస్తున్నాయి. నాగేశ్వరమ్మ తెడ్డు కర్ర తీసుకుని ముందు దిగింది. గట్టి నేల ఎక్కడుందో గుచ్చి చూస్తూ నడుస్తుంది, నేను ఆమె వీపు మీద చూపు పెట్టి వెనకే తోలాలి. నీళ్ళు ఆమె మోకాళ్ళకు వచ్చాయి, తొడలకు వచ్చాయి. నా కాళ్ళ కిందికి నీళ్ళు వచ్చాయి. ఆక్సిలేటరు మీదినుంచి కాలు తియ్యలేదు. నడుమ ఒకచోట వెనక చక్రం జారి జీపు పక్కకు ఒరిగింది. ఇంజను గొంతు మారింది. గేరు మీదికి పోబోయిన చేతిని నేనే వెనక్కి లాక్కున్నాను. నాగేశ్వరమ్మ కర్ర ఎడమకు చూపించింది. స్టీరింగు మొత్తం తిప్పి, పాదం ఇంకా బలంగా నొక్కాను. జీపు వణికింది, తవ్వింది, ఎక్కింది.

అవతలి ఒడ్డున ఇసుక మీదికి వచ్చినాక కూడా నా కాలు ఆక్సిలేటరు మీదినుంచి రాలేదు. నాగేశ్వరమ్మ పరుగెత్తుకొచ్చి, నడుస్తున్న బండిలోకే తడిచీరతో దూకి నా పక్కన కూర్చుంది. ఆమె మోటారు ఎక్కడం అదే మొదలు. తన ఊరి గాలి తనకు ఇంత వేగంగా తగలడం ఎప్పుడూ ఎరగనని తర్వాత చెప్పింది.

రోడ్డంతా ఎడ్లబండ్లు. మా హారను మూగది. అత్తమ్మే హారను అయింది. జరుగు జరుగు అని ఆమె పెట్టిన కేకలకు ఎడ్లు కూడా పక్కకు తప్పుకున్నాయి. వెనకనుంచి వినిపించే ఈల సన్నబడుతున్నప్పుడల్లా నా కాలు కిందికి పోయేది. అవనిగడ్డలో అత్తమ్మ దవాఖాన ఎక్కడా అని అడిగితే ఒకతను తెల్లమొఖం వేశాడు. ధర్మాసుపత్రి అని నాగేశ్వరమ్మ అరిస్తే నలుగురు ఒకేసారి చెయ్యి చూపించారు.

అవనిగడ్డ

డాక్టరు ఆయనను బల్ల మీద పడుకోబెట్టి, వెంటనే సూది వేశాడు. తర్వాత ఇంకొకటి వేశాడు. మేము గోడకు ఆనుకుని నిలబడ్డాము. ఈల తగ్గుతూ తగ్గుతూ మామూలు ఊపిరి అయింది. అప్పుడు డాక్టరు మా వైపు తిరిగి, ఇంకాస్త ఆలస్యమైతే గొంతు పూర్తిగా మూసుకుపోయేదన్నాడు. డ్రైవరు ఎవరని అడిగాడు.

"నా కోడలు," అంది అత్తమ్మ. ఆ రెండు మాటలు ఆమె అన్న తీరు నేను బతికినన్నాళ్ళూ మరిచిపోను. నేను బయటికి వచ్చి జీపు మెట్టు మీద కూర్చుని, అప్పుడు ఏడ్చాను.

అవనిగడ్డలో నాగేశ్వరమ్మ పెద్దమ్మ ఉంది. ఆయనకు వాపు దిగేదాకా వాళ్ళింటి అరుగు మీదే ఉన్నాము. మేమెవరమో, మా కులగోత్రాలేమిటో ఆమె అడగలేదు. చింతపండు దండిగా వేసి చేపల పులుసు కాచి, రెండో రోజుకు ఊరితేనే రుచని మొదటి రోజు తిననివ్వలేదు. అత్తమ్మకు అన్నం మీద అన్నం పెడుతుంటే కళ్ళనీళ్ళు తిరిగాయి. మూడు పూటలా తెల్లన్నం మా దగ్గర పండుగకు కూడా అందరికీ అందేది కాదు. బదులుగా అత్తమ్మ వాళ్ళకు జొన్నరొట్టె చేసి పెట్టింది. చేతులతో అంత పలచగా కొట్టడం చూసి వీధి ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. తినడం మాత్రం మర్యాదకే తిన్నారు.

మా ఆయనకు మొదట ఎడమ కన్ను తెరుచుకుంది. ఆ ఒంటికన్నుతో ముందు జీపును చూశాడు, తర్వాత నన్ను. సముద్రంలో కాలు పెట్టకుండా ఇంటికి రానన్నాడు. నాగేశ్వరమ్మను ఎట్లాగూ ఊళ్ళో దిగబెట్టాలి. అత్తమ్మకు అవతలి ఒడ్డు సంగతి ఇంకా తేలలేదు. అందుకని మళ్ళీ తిప్పకు పోయాము, ఈసారి పాయలో నీళ్ళు తగ్గే ఆటు సమయం కనుక్కుని.

మళ్ళీ తిప్ప

ఈసారి గుడారం పల్లెవాళ్ళు చెప్పిన జాగాలో వేశాము. చెట్ల నీడకు దూరంగా, సముద్రానికి ఎదురుగా, గాలి దూసుకొచ్చే దిబ్బ మీద. పొద్దు వాలకముందే పిడకలు, వేపాకు కలిపి గాలి వచ్చే వైపు పొగపెట్టారు. నాగేశ్వరమ్మ రొయ్యపిల్లలు పట్టే సన్నకన్ను వలను రెండు మడతలు వేసి తాటిపత్రి చుట్టూ దించింది. దోమలు వచ్చాయి. వల బయట ఆగిపోయి గీపెట్టాయి. చెమ్మ అట్లాగే ఉంది, ఒంటికి ఉప్పు అట్లాగే అంటుకుంది. అయినా మేము పడుకున్నాము. మెలకువ వచ్చేసరికి ఎండ పాదాల మీదికి వచ్చింది.

ఆ పొద్దున సాగరసంగమం దాకా నడిచాము. కృష్ణ సముద్రంలో కలిసే చోట గీత గీసినట్టు కనిపిస్తుంది. ఇటు మట్టిరంగు, అటు ఆకుపచ్చ. మా ఆయన బట్టలతోనే అలల్లోకి పోయి పడ్డాడు. అత్తమ్మ మోకాళ్ళ దాకా దిగి, నీళ్ళు పుక్కిట పట్టి ఉమ్మేసి, ఇంత నీళ్ళుండి ఒక్క బుక్కెడు తాగరాదా అని సముద్రాన్ని కోప్పడింది. నేను ఇద్దరినీ వదిలి గీత మీద నిలబడ్డాను. ఒక కాలికి నది తగిలింది, ఒక కాలికి సముద్రం. పాయలో జీపు ఒరిగింది ఈ నీళ్ళలోనే. ఇప్పుడు అవి చీలమండల చుట్టూ పిల్లి తిరిగినట్టు తిరుగుతున్నాయి.

వచ్చేటప్పుడు నాగేశ్వరమ్మ కోసం నేను చేతి గాజులు తీస్తే ఆమె తీసుకోలేదు. బండి తోలడం నేర్పమంది. పల్లె అంతా చూస్తుండగా గట్టి ఇసుక మీద ఆమెను స్టీరింగు ముందు కూర్చోబెట్టాను. అల ఒడ్డునే తోలి, తిప్పి తెచ్చి నిలబెట్టింది. పడవ తిప్పడం తెలిసినవాళ్ళకు ఇదేం పెద్ద కాదంది గానీ, దిగేటప్పుడు బానెట్టును ఆవు మెడ నిమిరినట్టు నిమిరింది.

తిరుగు దారి

మా ఆయన కళ్ళకు ఎండ పడడం లేదు. తోలడం నాదే అయింది. బెజవాడ చౌరస్తాలో పోలీసు నన్ను చూసి, ఏ డాక్టరమ్మగారో అనుకున్నాడు కాబోలు, ఎదురు బండ్లను ఆపి దారి ఇచ్చాడు. నాకు అప్పటికి లైసెన్సు లేదు. తర్వాత నల్గొండలో తీసుకున్నాను, ఆ పరీక్ష పాయ ముందర ఆటలా అనిపించింది.

సూర్యాపేటలో జొన్నరొట్టె, పచ్చిపులుసు దొరికాయి. మా ఆయన మొఖం ఇంకా మచ్చలు మచ్చలుగానే ఉంది. పక్క బల్ల మీది లారీ డ్రైవర్లు ఏమైందని అడిగితే ఆయన కందిరీగల సంగతి ఒక్క ముక్కలో ముగించి, పాయ దాటిన సంగతి మాత్రం మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. పక్కన లేనట్టే నా గురించి చెబుతుంటే నేను తల వంచుకుని రొట్టె తుంచుకున్నాను. ఆ రొట్టె అంత రుచిగా ఎన్నడూ లేదు.

సాయంత్రం ఎండలో చిట్యాల కనిపించింది. మా షెడ్డు దగ్గర బండి నెమ్మది చేసి, పక్కకు తిప్పబోయాను. వెనకనుంచి అత్తమ్మ చెయ్యి నా భుజం మీద పడింది.

"ఆపకు బిడ్డా. పానగల్ దాక పోనియ్యి. ఆడ మా అక్క ఉన్నది. నా కోడలు బండి తోల్తాంటే అది చూడాలె."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన సీటులో ఇంకాస్త వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. నేను గేరు మార్చి నల్గొండ రోడ్డు ఎక్కించాను.